కొంగల సొగసైన భంగిమలనూ నవ్వు పుట్టించే భంగిమలనూ విశాఖపట్నంలో ఫొటో తీయడం ఎలా?

నిశ్చలంగా నిలబడిన కొంగను ఫొటో తీయడానికి పెద్ద నైపుణ్యం అక్కరలేదు. అది కదలదు, మనకు తొందర ఉండదు, వెనక నీళ్ళు మెరుస్తూ ఉంటాయి. అందుకే చెరువు గట్టుకు వెళ్ళివచ్చిన ప్రతివారి ఫోన్‌లోనూ అలాంటి బొమ్మ ఒకటి ఉంటుంది. అసలు విశేషమంతా కొంగ జపం చాలించిన తరువాతే మొదలవుతుంది. మెడ సాచి నీటిలోకి ముక్కు దూర్చడం, రెక్కలు సగం విప్పి ఎండకు ఎదురుగా కూర్చోవడం, ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో తల గోక్కోవడం, ఈకలన్నీ నిక్కబొడుచుకుని ఒళ్ళు విదిలించడం వంటి వాటిలో చాలావరకు చూస్తూ ఉండగానే ముగిసిపోతాయి. కంటబడిన తరువాత మీట నొక్కితే అప్పటికే ఆలస్యమైపోతుంది. అయితే దాదాపు ప్రతి భంగిమకూ ముందు పక్షి ఒంటిలో ఒక చిన్న మార్పు కనిపిస్తుంది. ఆ మార్పును గుర్తుపట్టి, భంగిమ రాకముందే కెమెరాతో సిద్ధంగా ఉండడం ఎలాగో విశాఖపట్నం పరిసరాలకు అన్వయించి ఇక్కడ వివరిస్తాను.

ఏ కొంగతో మొదలుపెట్టాలి

కొత్తగా మొదలుపెట్టేవారు కొన్ని వారాల పాటు ఒకే జాతి మీద దృష్టి నిలపడం మంచిది. నేను గుడ్డి కొంగను ఎంచుకోమంటాను. సుమారు 45 సెంటీమీటర్ల పొడవుండే ఈ పక్షి కాలువ పక్కన, వరి మడి గట్టున, పడవ తాళ్ళ మీద, ఎక్కడైనా దొరుకుతుంది. తన మట్టి రంగు తనను దాచిపెడుతుందన్న ధీమాతో మనిషి బాగా దగ్గరకు వచ్చేవరకు కదలదు కూడా. కూర్చున్నప్పుడు మెడను పూర్తిగా భుజాల మధ్యకు లాక్కుని, చలికాలంలో కంబళి కప్పుకుని అరుగు మీద ముడుచుకున్న తాతగారిలా కనిపిస్తుంది. లేచిన మరుక్షణం ఆ మట్టి రంగంతా మాయమై, అప్పటివరకు మడిచి ఉంచిన తెల్లని రెక్కలు బయటపడతాయి. సొగసు, నవ్వు రెండూ ఒకే పక్షిలో ఇంత తేలికగా మరెక్కడా దొరకవు. జతకట్టే వానాకాలంలో దాని వీపు మీద ముదురు ఎరుపు ఈకలు, తల వెనక పొడవాటి కుచ్చు వస్తాయి. ఆ రోజుల్లో చూసినవారు ఇది వేరే పక్షి అనుకోవడం సహజమే.

రెండో మెట్టుగా చిన్న తెల్లకొంగను తీసుకోండి. నల్లని ముక్కు, నల్లని కాళ్ళు, పాదాలు మాత్రం పసుపు రంగులో ఉండడం దీని గుర్తు. ఆ పసుపు పాదాలే మీకు మంచి ఫొటోలు ఇస్తాయి, ఎందుకో తరువాత చెబుతాను. దాదాపు మీటరు పొడవుండే బూడిద రంగు నారాయణ పక్షికి బెదురు ఎక్కువ కాబట్టి, ఓపిక కుదిరిన తరువాతే దాని జోలికి వెళ్ళండి. పగలంతా చెట్ల గుబురులో కునికి సాయంత్రం వేటకు బయలుదేరే రాత్రి కొంగకు వెలుతురు బాగా తక్కువ పడుతుంది, దాన్ని చివరికి ఉంచుకోవచ్చు.

చోటు, వేళ

విశాఖలో సముద్రం తూర్పున, కొండలు పడమట ఉన్నాయన్న ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం లెక్క తేలిపోతుంది. తెల్లవారుజామున ఇసుకలో నిలబడి అలల అంచున తిరిగే కొంగను తీస్తే సూర్యుడు దాని వెనక ఉంటాడు. ఆకారం నల్లగా, అంచులు బంగారు రంగులో వస్తాయి, ముఖం మాత్రం కనిపించదు. అదే చోట సాయంత్రం నాలుగున్నర తరువాత ఎండ మీ వీపు మీదుగా పోయి పక్షి మీద పడుతుంది, కన్ను మెరుస్తుంది, ఈకల గీతలు తేటగా కనిపిస్తాయి. కాబట్టి తీరంలో సొగసైన ఆకృతి కావాలనుకుంటే ఉదయం, ముఖంలోని హావభావం కావాలనుకుంటే సాయంత్రం వెళ్ళండి. ఇక్కడ సూర్యోదయం జనవరిలో ఆరున్నర ప్రాంతంలోను, జూన్‌లో ఐదున్నరకు ముందేను అవుతుంది. వేసవిలో ఎనిమిది దాటితే ఎండ తీవ్రమై తెల్లని ఈకలు తేలిపోతాయి కాబట్టి ఆలోపే పని ముగించుకోవాలి.

భీమునిపట్నం దగ్గర గోస్తని నది సముద్రంలో కలిసే చోటుకు వెళ్ళేవారు గడియారంతో పాటు ఆటుపోట్లు కూడా చూసుకోవాలి. నీరు వెనక్కి తీసినప్పుడు పాయల్లో చేపపిల్లలు లోతులేని మడుగుల్లో చిక్కుకుంటాయి, తెల్లకొంగలు అక్కడికి చేరతాయి. ఆటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి, నిన్న ఏడింటికి దొరికిన దృశ్యం వారం తరువాత అదే ఏడింటికి దొరకదు.

నగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న కొండకర్ల ఆవ మంచినీటి సరస్సు. కొండల నడుమ, నీటి మొక్కలతో నిండి ఉండే ఆ ఆవలో తాటి దోనెల మీద తిప్పుతారు. దోనె నీటి మట్టానికి చాలా దగ్గరగా ఉంటుంది, అందువల్ల ఒడ్డు నుంచి ఎంత ప్రయాసపడినా రాని కోణం అక్కడ కూర్చున్నచోటే వస్తుంది. ఎక్కేముందే దోనె నడిపేవారితో మాట్లాడి, పక్షి కనబడగానే గెడ వేయడం ఆపి దోనెను దానంతట అది తేలనివ్వమని చెప్పండి. ఊళ్ళోకి ఇంకా దగ్గరగా కావాలంటే ముడసర్లోవ, మేఘాద్రి గెడ్డ జలాశయాల అంచులు ఉన్నాయి.

చేపల రేవు వేరే లోకం. అక్కడి కొంగలకు మనుషులు అలవాటు కాబట్టి చిన్న లెన్సు ఉన్నవారు కూడా నిరాశపడనక్కరలేదు. అయితే రేవులో పని చేసుకునేవారిని ముందుగా పలకరించి, ఎందుకు వచ్చారో చెప్పి, వలలకూ తాళ్ళకూ అడ్డం రాకుండా ఒక మూల నిలబడండి. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న నగరం కూడా. నౌకాదళ ఓడలు, కట్టడాలు ఉన్న వైపు లెన్సు తిప్పకండి, నిషేధం బోర్డు ఉన్నచోట కెమెరా సంచిలోనే ఉంచండి, డ్రోన్ ఆలోచన పూర్తిగా మానుకోండి.

కెమెరా సిద్ధం చేసుకోవడం

400 మిల్లీమీటర్ల వరకు వెళ్ళే లెన్సు ఉంటే గుడ్డి కొంగకూ తెల్లకొంగకూ సరిపోతుంది. దూరాన్ని బాగా దగ్గరకు లాగే చిన్న జూమ్ కెమెరాతో కూడా మంచి ఎండలో మంచి ఫొటోలు వస్తాయి. ఫోన్ మాత్రమే ఉన్నవారు చేపల రేవుకే వెళ్ళడం మేలు.

షట్టర్ వేగం విషయంలో పిసినారితనం వద్దు. కదలకుండా నిలబడిన కొంగకు సెకనులో 500వ వంతు చాలుతుంది గాని, మీరు ఎదురుచూస్తున్నది అది కదిలే క్షణం కోసం. కాబట్టి మొదటినుంచీ సెకనులో 1600వ వంతు నుంచి 2000వ వంతు మధ్య ఉంచి, ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలన్న అమరికను) కెమెరాకే వదిలేయండి. కొంచెం గరుకుదనం వచ్చిన ఫొటోను తరువాత బాగు చేసుకోవచ్చు, చెదిరిపోయిన ముక్కును ఎవరూ బాగు చేయలేరు. ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం పరిమాణం) ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 వరకు ఉంటే మెడ ముందుకు సాగినప్పుడు కూడా కన్ను, ముక్కు చివర రెండూ తేటగా ఉండే అవకాశం ఎక్కువ. ఫోకస్ నిరంతరం పక్షిని వెంబడించేలా పెట్టండి. పక్షుల కన్నును గుర్తుపట్టే సౌకర్యం మీ కెమెరాలో ఉంటే దానిని వాడండి, లేదంటే ఒకే ఫోకస్ బిందువును తల మీద ఉంచండి. వరుస ఫొటోల పద్ధతి తప్పనిసరి, అయితే మీట నొక్కిపెట్టి నిమిషాల తరబడి తీయకండి. సూచన కనబడగానే మొదలుపెట్టి, పని ముగియగానే వేలు తీసేయండి.

తెల్లకొంగ ఫొటో పాడయ్యేది ఎక్కువగా వెలుతురు కొలత దగ్గరే. వెనక నల్లని నీడో ముదురాకుపచ్చ తూడో ఉంటే కెమెరా దృశ్యమంతా చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచుతుంది, దానితో కొంగ ఈకలన్నీ కలిసిపోయి తెల్లని మచ్చగా మారుతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకు అందే వెలుతురును, ఒక మెట్టు (స్టాప్) వరకు తగ్గించండి. దానికి విరుద్ధంగా, తెల్లని ఆకాశం ముందు ఎగిరే కొంగకు అర మెట్టు నుంచి ఒక మెట్టు వరకు పెంచాలి, లేకపోతే అది బూడిద రంగులో వస్తుంది. రెండు మూడు ఫొటోలు తీసి, తెరమీద హిస్టోగ్రామ్ (ఫొటోలోని చీకటి వెలుగులను చూపే గ్రాఫ్) కుడి అంచుకు గుద్దుకోలేదని చూసుకుని, ఆ తరువాత ఎండ మారేవరకు తెర వైపు చూడకండి. చాలా మంచి భంగిమలు, తీసినవారు తల దించుకుని తమ ఫొటోలు చూసుకుంటున్నప్పుడే వచ్చి వెళ్ళిపోతాయి. ఫైళ్ళను రా (RAW, కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు) పద్ధతిలో దాచుకుంటే తెలుపులో కొంత వివరం తిరిగి రాబట్టుకోవచ్చు.

విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఏసీ గదిలో ఉన్న కెమెరాను నేరుగా బయటకు తెస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. బయలుదేరడానికి అరగంట ముందే, సంచి మూసి ఉంచి, దానిని ఏసీ లేని చోట పెట్టండి.

దగ్గరకు చేరడం

నిటారుగా నడుస్తూ నేరుగా కొంగ వైపు వెళ్ళకూడదు. ముందుగా గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకోండి. కొంగలు ఎక్కువగా గాలికి ఎదురుగా లేస్తాయి, గాలికి ఎదురుగానే వాలతాయి. కాబట్టి గాలి, ఎండ రెండూ మీ వీపుకు తగిలే చోటు దొరికితే పక్షి ముఖం మీ వైపే ఉంటుంది. ఆ చోటుకు చుట్టు తిరిగి చేరి, కూర్చుని, వీలైతే పడుకుని, కెమెరాను పక్షి కంటి ఎత్తుకు దించండి. గట్టు మీద నిలబడి కిందికి తీసిన కొంగ బొమ్మ సమాచారం ఇస్తుందే గాని మనసును తాకదు. నేల మట్టం నుంచి తీస్తే వెనక ఉన్న చెత్త, గట్టు, మనుషులు అన్నీ మెత్తని రంగుగా కరిగిపోతాయి.

పక్షి మీ రాకను గమనించిందని ఎలా తెలుస్తుంది? మెడ నిటారుగా సన్నబడుతుంది, ఈకలు ఒంటికి అంటుకుంటాయి, చేస్తున్న పని ఆగిపోతుంది. అప్పుడు మీరు కూడా ఆగిపోవాలి. మెడ మళ్ళీ వదులై, వేటలో పడిన తరువాతే ఇంకో అడుగు వేయండి. ఒళ్ళు ముందుకు వంచి, మోకాళ్ళు మడిచి, రెట్ట వేసిందంటే తరచుగా అది ఎగరబోతున్నట్టే, ఇక వెనక్కి తగ్గడానికి కూడా వ్యవధి ఉండదు. ఎగిరే ఫొటో కోసం పక్షిని కావాలని లేపడం నా దృష్టిలో దొంగతనం వంటిది. అది ఆ పూట తిండి కోసం పట్టిన చోటును మనం లాక్కుంటున్నాం. గూళ్ళు ఉన్న చెట్ల దగ్గరకు అసలే వెళ్ళకండి. తల్లి లేచిపోతే గుడ్లూ పిల్లలూ ఎండకూ కాకులకూ చిక్కుతాయి. అడవి పక్షుల గుడ్లనూ గూళ్ళనూ చెదరగొట్టడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట కిందనే లెక్కిస్తుంది.

సొగసు: వేట, ఎగురుడు

కొంగ మెడలో ఆరో వెన్నుపూస మిగిలినవాటికంటే భిన్నంగా ఉంటుంది. మెడ అక్కడ మడత పడి, ఒక్కసారిగా తెరుచుకోగలగడం దాని వల్లనే. నారాయణ పక్షి మెడలోను, పెద్ద తెల్లకొంగ మెడలోను ఆ మడత బయటికే కనిపిస్తుంది. వేటకు ముందు ఆ మడత బిగుస్తుంది, తల కొంచెం వెనక్కి పోతుంది, ఒళ్ళు నెమ్మదిగా నీటి వైపు ఒరుగుతుంది, ముక్కు ఒకే బిందువు వైపు నిలుస్తుంది. కొన్నిసార్లు మెడ మాత్రమే కుడి ఎడమలకు అతి నెమ్మదిగా ఊగి, తల అక్కడే నిలిచి ఉంటుంది. ఈ దశలోనే మీట నొక్కడం మొదలుపెట్టాలి. నీరు చిమ్మడం చూసి నొక్కితే మీకు దొరికేది తలలేని కొంగ. చట్రంలో పక్షి ముందు, కింద ఖాళీ వదలండి, లేకపోతే మెడ సాగినప్పుడు ముక్కు బయటకు పోతుంది.

చేప దొరికిన తరువాత కూడా కన్ను తీయకండి. కొంగ దాన్ని అడ్డంగా పట్టుకుని పైకి లేస్తుంది, రెండు మూడుసార్లు విదిలిస్తుంది, ముక్కులోనే తిప్పి చేప తల తన గొంతు వైపు వచ్చేలా సర్దుకుంటుంది. మొప్పలూ రెక్కముళ్ళూ గొంతులో గుచ్చుకోకుండా ఉండేది ఆ సర్దుబాటు వల్లనే. చేప గాలిలోకి లేచే క్షణం సొగసైనది. మింగిన తరువాత సన్నని మెడలో ఒక ఉబ్బు కిందికి జారుతూ పోవడం, ఆ సమయంలో కొంగ ముఖం అతి గంభీరంగా ఉండడం చూసేవారిని తప్పక నవ్విస్తుంది. వెంటనే అది ముక్కు నీటిలో ముంచి తల విదిలిస్తుంది, ఆ తుంపరల కోసం మీ వేలు సిద్ధంగా ఉండాలి.

ఎగిరేటప్పుడు కొంగలు మెడను లోపలికి మడుచుకుంటాయి. మెడ పూర్తిగా సాచి ఎగిరేది కనబడితే అది వేరే కుటుంబపు పక్షి కావచ్చు. మెడ ఇంకా మడవకుండా, కాళ్ళు ఇంకా వేలాడుతూ, రెక్కలు పూర్తిగా కిందికి కొట్టే తొలి రెండు మూడు ఊపులే అన్నింటికంటే అందమైనవి. అందుకే పక్షి లేచిన తరువాత కాక, మోకాళ్ళు మడిచినప్పుడే జూమ్ కొంచెం తగ్గించి దృశ్యాన్ని వెడల్పు చేసుకోవాలి. సాయంత్రం గూటికి చేరే కొంగల బారును, చిన్నప్పుడు గోళ్ళ మీద తెల్లచుక్కలు పెట్టమని మనం అడిగిన ఆ బారునే, ఎర్రబడిన పడమటి ఆకాశం మీద తీయాలంటే సెకనులో 30వ వంతుకు తగ్గించి, వాటితో పాటే కెమెరాను తిప్పుతూ తీసి చూడండి. రెక్కలు చెరిగి, బారు మాత్రం నిలుస్తుంది.

నవ్వు పుట్టించే భంగిమలు

వీటి కోసం ప్రత్యేకంగా తిరగనక్కరలేదు. వేట ముగించి కొంగ విశ్రాంతికి కూర్చున్నప్పుడు, అందరూ కెమెరాలు సర్దుకునే ఆ గంటలో, మీరు మాత్రం అక్కడే ఉంటే చాలు.

ఒళ్ళు సవరించుకోవడం మొదటిది. కొంగల ఛాతీ మీద పొడిగా రాలిపోయే ప్రత్యేకమైన ఈకలు ఉంటాయి. చేపల జిగురు అంటిన ఈకలకు ఆ పొడిని పట్టించి, నడిమి వేలి గోరుకు ఉన్న దువ్వెన పళ్ళతో దువ్వుకుంటాయి. దువ్వే సమయంలో ఒక కాలు చెవిదాకా లేస్తుంది, తల పక్కకు వాలుతుంది, కన్ను సగం మూసుకుంటుంది, తల వెనక ఈకలు లేచి నిలబడతాయి. కొంగ బరువంతా ఒక కాలి మీదకు మార్చి, తలను భుజం వైపు దించినప్పుడు ఈ భంగిమ రాబోతోందని గ్రహించండి. సవరింపు ముగిశాక అది నిటారుగా లేచి, ఛాతీ ఈకలు నెమ్మదిగా ఉబ్బుతున్నట్టు కనిపిస్తే, మరుక్షణంలో ఒళ్ళంతా విదిలిస్తుంది. సన్నని పక్షి రెండింతలై బంతిగా మారే ఆ దృశ్యాన్ని ఆపి చూపించాలంటే సెకనులో 1600వ వంతు ఉంచండి. విదిలింపు ఊపు కనబడాలంటే 125వ వంతుకు తగ్గించండి.

ఎండ కాచుకోవడం రెండోది. నారాయణ పక్షి సూర్యుడికి ఎదురుగా తిరిగి, రెక్కలను సగం విప్పి కిందికి వేలాడదీసి, అరచేతులు చూపుతున్నట్టు చాలాసేపు అలాగే ఉండిపోతుంది. తొందరలేని భంగిమ కాబట్టి నేరుగా ఎదుటికి చేరడానికి మీకు సమయం దొరుకుతుంది. పక్కనుంచి తీస్తే దాని ప్రత్యేకత పోతుంది.

ఎదురు చూపు మూడోది, నాకు అన్నింటికంటే ఇష్టమైనది. కొంగ కళ్ళు ముక్కుకు ఇరువైపులా, కిందికి చూడగలిగేలా అమరి ఉంటాయి, తన ముక్కు కింద ఉన్న నీటిని అది రెండు కళ్ళతోనూ చూడగలదు. అది మీ వైపు సూటిగా తిరిగినప్పుడు ముక్కు సన్నని గీతగా మారి, దానికి రెండు పక్కలా పసుపు కళ్ళు అడుగుకు జారినట్టు కనిపిస్తాయి. తల పక్కలకు తిప్పుతూ మధ్యలో క్షణకాలం మాత్రమే సూటిగా ఉంటుంది కాబట్టి, ఫోకస్ కళ్ళ మీదే నిలిపి, తల తిరగడం మొదలైనప్పుడే తీయండి.

చేపల రేవులో లంగరు తాళ్ళ మీద వాలిన గుడ్డి కొంగను తప్పక గమనించండి. పడవ ఊగినప్పుడల్లా తాడు బిగుస్తుంది, వదులవుతుంది. పసుపుపచ్చని పొడవైన వేళ్ళు తాడును చుట్టి పట్టుకుంటాయి, మోకాళ్ళు ఒకటి పైకి ఒకటి కిందికి పోతాయి, తోక ముందుకూ వెనక్కూ ఊగుతుంది, తల మాత్రం గాలిలో మేకు కొట్టినట్టు కదలదు. తాడు మొత్తం చట్రంలో పడేలా తీస్తేనే ఈ విన్యాసం చూసేవారికి అర్థమవుతుంది, పక్షి వరకే ఫొటోను కత్తిరిస్తే కారణం పోతుంది. చిన్న తెల్లకొంగ విషయంలో మీరు చూడవలసింది పాదాలను. లోతులేని నీటిలో ఒక కాలు ముందుకు చాచి, పసుపు వేళ్ళను బురదలో వణికించి చేపలను లేపుతుంది. ఒక కాలు వణుకుతూ, ఒళ్ళంతా స్థిరంగా, చూపు కిందికి ఉండే ఆ భంగిమకు నీరు తేటగా ఉన్న చోటునే ఎంచుకోండి. గాలి వెనకనుంచి కొట్టి కుచ్చు ముఖం మీద పడిన క్షణం, ఎండవేళ ముక్కు తెరిచి గొంతు అదిరిస్తూ వగర్చే క్షణం కూడా ఈ కోవలోవే. అయితే వగర్చే పక్షి వేడికి ఓర్చుకుంటోందని గుర్తుంచుకుని, నీడ నుంచి దాన్ని కదిలించకండి.

ఇంటికి వచ్చాక

తీరం నుంచి రాగానే, ఫొటోలు చూడాలన్న ఆత్రం ఎంత ఉన్నా, ముందు ఉప్పు తుంపరలను తుడవండి. లెన్సు అద్దాన్ని పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు, ఇసుక గీతలు పెడతాయి. కాబట్టి ముందు రబ్బరు ఊదుడు బుడ్డితో గాలి కొట్టి, తరువాత లెన్సు ద్రవంతో తడిపిన మెత్తని బట్టతో అద్దండి. కెమెరా ఒంటిని తడిపి పిండిన గుడ్డతో తుడిచి, ఆరిన తరువాతే సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి.

వరుస ఫొటోల నుంచి ఎంచుకునేటప్పుడు కన్ను తేటగా లేనివాటిని మొదట తీసివేయండి. వేట వరుసలో కంటి మీద పల్చని తెల్లపొర మూసుకున్న ఫొటోలు కొన్ని వస్తాయి. కన్నును కాపాడుకోవడానికి పక్షి వేసుకునే పొర అది. ఆ ఫొటోను తీసేయవచ్చు, వేట ఎలా జరుగుతుందో చూపదలిస్తే ఉంచుకోనూవచ్చు. ఈకల తెలుపును సరిచేసేటప్పుడు మొత్తం వెలుతురు కాక, బాగా వెలుగుపడ్డ భాగాన్ని మాత్రమే తగ్గించండి. పచ్చని తూడు ప్రతిఫలనం వల్ల ఛాతీ మీద పడిన ఆకుపచ్చ ఛాయను పూర్తిగా చెరిపేయకండి, పక్షి నిలబడిన చోటు దానిలోనే ఉంది. మిగిలినవాటికి తేదీ, చోటు, వేళ, ఆటుపోట్ల స్థితి, గాలి దిక్కు రాసి దాచుకుంటే, వచ్చే ఏడాది అదే నెలలో ఎక్కడ, ఎన్నింటికి కూర్చోవాలో ఆ రాతలే చెబుతాయి.